కాలేజీ హాల్లో ఒక సాయంత్రం: పాట, డాన్సు, నాటిక, సినిమా సాఫీగా నడవాలంటే

కాలేజీ హాల్లో పాటలు, డాన్సు, నాటిక కలిపి పెట్టే కార్యక్రమం చెడిందంటే, పాడినవాళ్ల వల్లో ఆడినవాళ్ల వల్లో చెడడం అరుదు. పాట బాగానే ఉంటుంది. అది అయ్యాక నాటిక మొదలయ్యేలోపు ఏడెనిమిది నిమిషాలు స్టేజీ మీద ఎవరో వైర్లు లాగుతుంటారు, ఇంకెవరో కుర్చీలు మోస్తుంటారు, యాంకర్ చెప్పిందే చెబుతూ నిలబడతారు, వెనక వరసల్లోంచి ఒక్కొక్కరే లేచి బయటికి నడుస్తుంటారు. జనం పోయేది ఐటమ్ నడుస్తున్నప్పుడు కాదు, ఐటమ్‌కీ ఐటమ్‌కీ మధ్య. అందుకని ఇక్కడ చాలా ఏర్పాట్లను ఆ ఖాళీ వైపు నుంచే చూద్దాం. 200 నుంచి 400 మంది పట్టే హాలు, ఒకే సాయంత్రం, నడిపేది విద్యార్థులే అనుకుని చెబుతున్న లెక్కలివి.

నిమిషాల లెక్క

12 ఐటమ్‌లు, ఒక్కోటి 6 నిమిషాలు అనుకోండి. మొత్తం 72 నిమిషాలు, గంటంపావులోపు అయిపోతుందని అందరికీ అనిపిస్తుంది. కానీ వాటి మధ్య 11 మార్పులున్నాయి. ఒక గాయని దిగి ఇంకొకరు ఎక్కడానికి 1 నిమిషం చాలు. డాన్సు బృందం దిగి ఇంకో బృందం ఎక్కడానికి 2 నిమిషాలు. బల్ల, కుర్చీలు, తలుపు చట్రం ఉన్న నాటికకి 5 నుంచి 8. డ్రమ్స్‌తో వచ్చే బ్యాండుకి 10 నుంచి 15. సగటున మార్పుకి 4 నిమిషాలు వేసుకున్నా 44 అవుతాయి. ఇంటర్వెల్ 15, ప్రసంగాలు 10, మొదలవడంలో ఆలస్యం 10 కలపండి. 72 కాస్తా 151 అయింది, అంటే రెండున్నర గంటలు దాటింది. ఎవరూ తప్పు చేయకపోయినా ఇంతే.

దీన్ని తగ్గించడానికి దారులు రెండే. ఒకటి, ఐటమ్‌లు తగ్గించడం. ఎవరినీ నొప్పించకూడదని అందరినీ ఎక్కిస్తే, చివర ఎక్కినవాళ్లు ఖాళీ కుర్చీలకి పాడాల్సి వస్తుంది. వాళ్లని నిజంగా నొప్పించేది అదే. రెండోది, వరస మార్చడం. ఖర్చు లేనిది, ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

వరస ఇలా ఆలోచించండి. సర్దడానికి ఎక్కువసేపు పట్టే ఐటమ్‌లు రెండుంటే, ఒకటి మొట్టమొదట రావాలి, రెండోది ఇంటర్వెల్ అవగానే రావాలి. ఆ రెండింటి సర్దుబాటు జనం చూడని సమయంలో జరిగిపోతుంది. డ్రమ్స్ ఉన్న బ్యాండు మొదట, నాటిక ఇంటర్వెల్ తర్వాత అంటే చాలా హాళ్లలో సరిపోతుంది. మూడో పెద్ద ఐటమ్ ఉంటే, దాని ముందు తెర బయట జరిగేది ఏదైనా పెట్టండి: ఒక్కరే చదివే కవిత, మిమిక్రీ, గిటార్‌తో ఒక పాట. తెర వెనక బల్లలు కదులుతుంటే తెర ముందు కార్యక్రమం నడుస్తుంటుంది. కాకపోతే ఆ పాట మరీ నెమ్మదైనది కాకూడదు, వెనక బల్ల ఈడ్చిన చప్పుడు వినబడుతుంది.

డ్రమ్స్ ముందే ఎక్కిస్తే తర్వాత డాన్సుకి జాగా ఉండదన్న పేచీ వస్తుంది. 2 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న చక్రాల వేదిక ఉంటే డ్రమ్స్ మొత్తం దాని మీద కట్టి వెనక్కి తోసేయొచ్చు. లేకపోతే డ్రమ్స్‌ని స్టేజీ వెనక మూలలో పెట్టి అక్కడినుంచే వాయించనివ్వండి. ఏదైనా సరే కింద మందపాటి తివాచీ ఉండాలి. లేకపోతే పెడల్ తొక్కిన ప్రతిసారీ బేస్ డ్రమ్ ముందుకి జారుతుంది.

ఒకే మనిషి రెండు ఐటమ్‌లలో ఉంటే మధ్యలో కనీసం మూడు ఐటమ్‌ల దూరం ఉంచండి. దుస్తులు, మేకప్ రెండూ మారాలంటే 20 నిమిషాలు పడుతుంది. వరస రాశాక పేర్లన్నీ ఒకచోట వేసి ఒక్కసారి సరిచూడకపోతే, ఈ తప్పు ప్రదర్శన రోజు సాయంత్రమే బయటపడుతుంది.

తేదీ, హాలు

పరీక్షలకి ముందు రెండు వారాలూ, రికార్డులు సబ్మిట్ చేసే వారమూ వదిలేయండి. మిగతా క్లబ్బులు ఆ వారంలో ఏం పెడుతున్నాయో అడగండి. ఒకే సాయంత్రం రెండు కార్యక్రమాలుంటే రెండూ సగం ఖాళీ. శనివారం పెడితే హాస్టల్ వాళ్లలో సగం మంది ఊళ్లకి పోతారు, వారం మధ్యలో పెడితే డే స్కాలర్లు చివరి బస్సు కోసం లేచిపోతారు. కాబట్టి ముగింపు సమయాన్ని ముందు ఖాయం చేసుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్కగట్టి మొదలు పెట్టే సమయం రాయాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

హాలు అడిగేటప్పుడు ప్రదర్శన సమయం ఒక్కటే అడగొద్దు. ముందురోజు సాయంత్రం 3 గంటలు రిహార్సల్‌కి, ఆ రోజు 5 గంటల ముందు నుంచి, అయిపోయాక ఇంకో గంట. ఈ మొత్తాన్ని ఒకే ఉత్తరంలో రాయించుకుని సంతకం తీసుకోండి. హాలు తాళం, స్విచ్‌బోర్డు గది తాళం, వెనక తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటాయో, ఆ మనిషి ఆ రోజు డ్యూటీలో ఉంటారో లేదో విడిగా కనుక్కోవాలి. స్విచ్‌బోర్డు గది తాళం దొరక్క గంట పోవడం మామూలే.

ఇంకో సంగతి. బయటివాళ్లని కూడా పిలుస్తున్నారా, కాలేజీ వాళ్లకేనా అన్నది మొదటి రోజే తేల్చండి. గేటు దగ్గర ఏర్పాట్లు, పాసులు, పాటలకీ నాటకాలకీ సినిమాలకీ హక్కుదారుల అనుమతి, అన్నీ దీని మీదే ఆధారపడతాయి. టిక్కెట్టు పెడితే నిబంధనలు ఇంకా మారతాయి. రచయిత బతికి ఉన్న నాటకమైతే ఉత్తరం రాసి అనుమతి అడగండి. మర్యాద కూడా అదే.

పేర్లు తీసుకునేటప్పుడే అడగాల్సినవి

ఎంపిక రోజున ఒక్కొక్కరికీ 3 నిమిషాలు ఇస్తే చాలు, గడియారం పెట్టి మరీ. అప్పుడే ఒక కాగితం నింపించుకోండి: ఐటమ్ ఎన్ని నిమిషాలు, స్టేజీ మీద ఎంతమంది, మైకులెన్ని, ఏ వాద్యాలు, ట్రాక్ (ముందే రికార్డు చేసిన సంగీతం) ఉందా, కుర్చీ కావాలా నేల మీద కూర్చుంటారా, ఏ వైపు నుంచి వచ్చి ఏ వైపు దిగుతారు, వెంటనే దుస్తులు మార్చుకోవాలా. పేరు ఎలా పలకాలో కూడా రాయించుకోండి, యాంకర్‌కి పనికొస్తుంది. వాళ్లు చెప్పిన నిడివిని నమ్మకుండా రిహార్సల్లో మీరే కొలవండి. పాట 4 నిమిషాలని చెప్పినవాళ్లు ముందు మాట్లాడే నిమిషంన్నరని లెక్కలో వేసుకోరు.

క్యూ షీటు

కార్యక్రమాన్ని నడిపేది ఈ కాగితమే. ఒక్కో ఐటమ్‌కీ ఒక వరస. గళ్లు ఇవి: క్రమసంఖ్య, మొదలయ్యే సమయం, ఐటమ్ పేరు, ఎక్కే వైపు, దిగే వైపు, ఏ మైకులు (రంగుతో), ట్రాక్ ఫైలు పేరు, ట్రాక్ ఎప్పుడు మొదలవ్వాలి, లైటు, తెర, స్టేజీ మీదికి ఏం రావాలి, ఏం పోవాలి. ఆఖరున ఒక ఖాళీ గడి వదలండి, నిజంగా మొదలైన సమయం రాయడానికి. ఎనిమిది ప్రతులు తీయండి: సౌండు, లైట్లు, తెర, రెండు వింగులు (స్టేజీకి రెండు పక్కలా జనానికి కనబడని చోట్లు), గ్రీన్ రూమ్ (కళాకారులు తయారయ్యే గది), యాంకర్, స్టేజీ మేనేజర్. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, వింగులో వెలుతురు తక్కువ. ప్రతిదాని మీదా అది ఎన్నోసారి మార్చిన షీటో తెలిపే సంఖ్య వేయండి. మార్పు జరిగితే పాతవి వెనక్కి తీసుకోకుండా కొత్తవి ఇవ్వొద్దు. ఇద్దరి చేతుల్లో రెండు రకాల షీట్లుంటే అసలు షీటు లేకపోవడం కన్నా ఎక్కువ గందరగోళం.

ట్రాకులన్నీ ఒకే ఫోల్డర్లో, పేరుకి ముందు 01, 02 అని రెండంకెల సంఖ్యతో ఉండాలి. ఒక్క అంకెతో పెడితే చాలా ప్లేయర్లు 1 తర్వాత 10, 11 చూపించి ఆ తర్వాత 2కి వస్తాయి. ఇంటర్నెట్ నుంచి నేరుగా ప్లే చేయొద్దు. మధ్యలో ప్రకటన వస్తుంది, లేదా నెట్ ఆగుతుంది. ల్యాప్‌టాప్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, నోటిఫికేషన్ శబ్దాలు ఆపి, తెర ఆరిపోకుండా సెట్ చేయండి. పాట అవగానే తర్వాతి పాట దానంతటదే మొదలయ్యే ఆప్షన్ తీసేయండి. అదే ఫోల్డర్ ఇంకో ల్యాప్‌టాప్‌లోనూ ఒక పెన్‌డ్రైవ్‌లోనూ ఉండాలి. ప్రదర్శన రోజు ఫోన్లో ట్రాక్ పట్టుకొచ్చేవాళ్లు ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. తీసుకోండి గానీ, మీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి చివరిదాకా విన్నాకే వాడండి.

ఎవరు ఏం చేయాలి

స్టేజీ మేనేజర్ ఒక్కరే ఉండాలి. ఆ సాయంత్రం తెర లేపమన్నా, ఆపమన్నా, ఐటమ్ ముందూ వెనకా చేయమన్నా ఆ ఒక్కరి మాటే చెల్లాలి, లెక్చరర్లు వచ్చి అడిగినా సరే. ఆ మనిషి ఏ ఐటమ్‌లోనూ ఉండకూడదు. రెండు వింగుల్లో ఇద్దరు, సామాను కదపడానికి నలుగురు, గ్రీన్ రూమ్ నుంచి కళాకారులని పిలిచేందుకు ఒకరు, తలుపుల దగ్గర నలుగురు. రాబోయే ఐటమ్ వాళ్లు వింగులో నిలబడి ఉండాలి, దాని తర్వాతవాళ్లు గ్రీన్ రూమ్‌లో సిద్ధంగా ఉండాలి. ఈ ఒక్క నియమం పాటిస్తేనే మార్పుకి రెండేసి నిమిషాలు మిగులుతాయి.

వాట్సాప్ గ్రూపుతో షో నడపడం కుదరదు. మెసేజ్ చూసేసరికి సమయం దాటిపోతుంది, చీకట్లో ఫోన్ వెలుగు మొహం మీద పడుతుంది, హాలు నిండాక సిగ్నల్ కూడా అంతంతమాత్రమే. నాలుగు వాకీటాకీలు దొరికితే మంచిది: స్టేజీ మేనేజర్, సౌండు, లైట్లు, ముందు తలుపు. ముందు 'రెడీ' అంటారు, తర్వాత 'గో' అంటారు. మామూలు మాటల్లో 'గో' అన్న శబ్దమే ఎవరి నోటా రాకూడదు.

సౌండు

ఎక్కువ చెప్పాల్సింది ఇక్కడే. జనం లైటు తప్పు క్షమిస్తారు, మైకు కూత క్షమించరు.

స్పీకర్లు ఎప్పుడూ మైకులకన్నా ముందు, జనం వైపు ఉండాలి. స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి దూరి తిరగడమే కూత. స్పీకర్ల పైభాగం ముందువరసలో కూర్చున్నవాళ్ల తలల కన్నా ఎత్తులో ఉండాలి. నేల మీద పెడితే ముందు మూడు వరసలకి చెవులు హోరెత్తుతాయి, వెనకవాళ్లకి మాట అర్థం కాదు.

పాటకి వాడే చేతి మైకులు ఎక్కువగా కార్డియాయిడ్ రకం. ముందు నుంచి వచ్చేది బాగా తీసుకుంటాయి, వెనక నుంచి వచ్చేది దాదాపు వదిలేస్తాయి. కాబట్టి మానిటర్ స్పీకర్‌ని (పాడేవాళ్లకి తమ పాట తమకి వినిపించేది) వాళ్ల ఎదురుగా నేల మీద, సరిగ్గా మైకు వెనక వైపు వచ్చేలా పెట్టండి. మైకు తల మీది జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటే ఆ గుణం పోతుంది, కూత మొదలవుతుంది. చూడ్డానికి స్టైలుగా ఉంటుందని పట్టుకునేవాళ్లకి రిహార్సల్లోనే చెప్పండి. మైకు నోటికి 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పటికీ 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పటికీ తేడా 12 డెసిబెల్స్. ఆ తేడాని పూడ్చడానికి సౌండు మనిషి మీట పెంచుతారు, అదే మళ్లీ కూతకి దారి. గొంతు సన్నగా ఉన్నవాళ్లకి మైకు దగ్గరగా పట్టుకోవడం నేర్పితే సగం సమస్య తీరుతుంది.

తెరిచి ఉంచిన మైకుల సంఖ్య రెట్టింపు అయిన ప్రతిసారీ, కూత రాకుండా పెంచగలిగే శబ్దం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. బృందగానంలో ఎనిమిది మందికి ఎనిమిది మైకులిస్తే పాట వినబడదు, కూత వినబడుతుంది. ఇద్దరికో ముగ్గురికో ఒకటి చాలు. వాడని మైకు మ్యూట్‌లో ఉండాలి. యాంకర్ మైకుని ప్రతి ఐటమ్‌లోనూ మూయడం మర్చిపోతే వింగులో గుసగుసలన్నీ హాలంతా వింటుంది.

మైకుల మీద రంగు టేపు చుట్టండి. ఎరుపు, నీలం, పచ్చ, పసుపు. మిక్సర్ (మైకులన్నీ కలిపి, ఒక్కోదాని శబ్దాన్ని పెంచి తగ్గించే పెట్టె) మీద అదే చానల్‌కి అదే రంగు. 'మూడో మైకు పని చేయడం లేదు' అంటే ఎవరికి మూడోదో వెతకాలి. 'పచ్చది పోయింది' అంటే వెంటనే తెలుస్తుంది.

వైర్‌లెస్ మైకులకి ప్రదర్శనకి ముందు కొత్త బ్యాటరీలు వేయండి, రిహార్సల్‌వి రిహార్సల్‌కే. రిసీవర్ స్టేజీకి దగ్గరగా, మధ్యలో జనం అడ్డం లేకుండా ఉండాలి. హాలు చివర మిక్సర్ దగ్గర పెడితే, నిండిన హాల్లో సిగ్నల్ తెగుతుంది. అన్ని వైర్‌లెస్ మైకులూ ఒకేసారి ఆన్ చేసి చూడండి, విడివిడిగా పనిచేసినవి కలిసి ఉన్నప్పుడు గొడవ పడొచ్చు. ఎన్ని వైర్‌లెస్ ఉన్నా, ఒక వైరు మైకు స్టాండుతో సహా వింగులో సిద్ధంగా ఉండాల్సిందే.

ల్యాప్‌టాప్ తగిలించగానే 'బుయ్' మని మోత వస్తే, ముందు చార్జర్ తీసి చూడండి. మోత ఆగితే గోల చార్జర్‌దీ ఎర్తింగ్‌దీ. ఐసొలేషన్ ఉన్న డీఐ బాక్సు (ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ నేరుగా కరెంటు సంబంధం లేకుండా శబ్దాన్ని మాత్రమే పంపే చిన్న పెట్టె) మధ్యలో పెడితే పోతుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసి మోత ఆపేవాళ్లున్నారు. అలా చేయనివ్వొద్దు, చేతిలో గిటార్, మూతి దగ్గర ఇనుప జాలీ ఉన్న మనిషికి అది ప్రాణాంతకం.

ఆన్ చేసేటప్పుడు మిక్సర్ ముందు, ఆంప్లిఫయర్ చివర. ఆపేటప్పుడు ఆంప్లిఫయర్ ముందు. కండెన్సర్ మైకుకి (కరెంటు అందితేనే పనిచేసే సున్నితమైన మైకు) 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మిక్సర్ నుంచి మైకు వైరులోనే వెళ్లే కరెంటు, ఇచ్చే ముందు ఆ చానల్ మూసెయ్యాలి, లేకపోతే స్పీకర్లు దబ్బుమంటాయి.

ఖాళీ హాల్లో సరిగ్గా ఉన్న సౌండు నిండిన హాల్లో మందగిస్తుంది. మనుషులూ బట్టలూ పైస్థాయి శబ్దాల్ని పీల్చేసుకుంటాయి. రిహార్సల్లో కొంచెం కరుగ్గా అనిపిస్తే భయపడి తగ్గించేయొద్దు. హాలు పొడవుగా ఉండి వెనక ఇంకో జత స్పీకర్లు పెడితే వాటికి డిలే ఇవ్వాలి, అంటే వాటి శబ్దం కాస్త ఆలస్యంగా వచ్చేలా సెట్ చేయాలి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది కాబట్టి, ముందు స్పీకర్లకి 20 మీటర్ల వెనక ఉన్నవాటికి సుమారు 60 మిల్లీ సెకన్లు. ఇవ్వకపోతే వెనక కూర్చున్నవాళ్లకి ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది.

సౌండ్ చెక్ తిరగేసిన వరసలో చేయండి. చివర పాడేవాళ్లది ముందు, మొదట పాడేవాళ్లది ఆఖరున. అప్పుడు మొదటి ఐటమ్ అమరిక స్టేజీ మీద అలాగే ఉండిపోతుంది, తలుపులు తీసి జనాన్ని లోపలికి వదలడమే తరువాయి. ఒక్కొక్కరి అమరిక ఖాయమైన చోట నేల మీద వేర్వేరు రంగుల టేపు ముక్కలు అంటించి మైకు స్టాండు, కుర్చీ ఎక్కడో గుర్తు పెట్టండి. డిజిటల్ మిక్సర్ అయితే ఐటమ్‌కి ఒకటిగా సీన్ (మీటల అమరిక మొత్తం) సేవ్ చేసుకోండి. మామూలు మిక్సర్ అయితే ఫోటో తీసుకుంటే చాలు.

తబలా, గిటార్, వయొలిన్ వాళ్లకి స్టేజీ లైట్ల కింద శ్రుతి సరిచూసుకునే సమయం ఇవ్వాలి. వేడికి చర్మం బిగిసి తబలా శ్రుతి పెరుగుతుంది, తీగ సాగి గిటార్ శ్రుతి దిగుతుంది. గ్రీన్ రూమ్‌లో కలిసిన రెండూ స్టేజీ మీద విడిపోయేది అందుకే. యాంకర్ పరిచయం చేస్తుండగా మైకులు మూసి ఆ పని కానివ్వండి.

నాటికకి మైకుల సంగతి వేరు. 200 మంది హాలైతే మైకు లేకుండా గొంతు ఎత్తి చెప్పడం నేర్పించడమే మేలు. స్టేజీ అంచున మూడు కండెన్సర్ మైకులు పెడితే, మాటలకన్నా ముందు అడుగుల చప్పుడు వినబడుతుంది. వాటి కింద దట్టమైన స్పాంజి ముక్కలు పెట్టి, నటుల్ని స్టేజీ ముందు భాగంలోనే ఉంచేలా దర్శకులకి చెప్పండి. పక్కకి తిరిగి మాట్లాడే ప్రతి వాక్యం సగమే వినబడుతుంది.

కరెంటు, లైట్లు

వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 1000 వాట్ల పాత పార్ లైట్లు (డబ్బా ఆకారపు స్టేజీ లైట్లు) నాలుగు ఒకే లైను మీద వేస్తే, 230 వోల్టుల దగ్గర 17 ఆంపియర్లు దాటుతుంది. 15 ఆంపియర్ల సాకెట్టు తట్టుకోదు. ఎల్ఈడీ లైట్లయితే ఇంత బాధ లేదు, చాలావరకు ఒక్కోటి 200 వాట్ల లోపే. సౌండుకి ఒక లైను, లైట్లకి ఇంకోటి విడిగా ఉండాలి. సౌండు సామాను మొత్తం మాత్రం ఒకే లైను నుంచి తీసుకోండి. గ్రీన్ రూమ్‌లో ఇస్త్రీ పెట్టె పెట్టిన క్షణంలో స్టేజీ చీకటైందంటే రెండూ ఒకే లైను మీద ఉన్నట్టు. ఎక్స్‌టెన్షన్ రీలుని చుట్ట చుట్టి ఉంచి ఎక్కువ లోడు వేయొద్దు, లోపల వేడెక్కి కరుగుతుంది; పూర్తిగా విప్పాలి. నడిచే దారిలో ఉన్న ప్రతి వైరు మీదా వెడల్పాటి టేపు.

జనరేటర్ ఉందని ధీమా పడొద్దు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొన్ని సెకన్లకే డిజిటల్ మిక్సర్, ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ ఆగిపోయి మళ్లీ మొదలవ్వాలి. ఈ మూడింటికీ యూపీఎస్ పెట్టండి. ఆంప్లిఫయర్లకి అక్కర్లేదు.

మొహం మీద వెలుగు ముందు నుంచి, రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో పడాలి. నెత్తిమీది లైట్లే ఉంటే కళ్ల కింద నల్లటి గుంటలు కనిపిస్తాయి. నీలం, ఎరుపు వెనక తెర మీదికి. మొహాల మీదికి తెలుపు లేదా లేత పసుపు. డాన్సుకి వింగుల నుంచి నడుము ఎత్తులో పక్క లైట్లు పెడితే చేతులూ కాళ్లూ స్పష్టంగా కనబడతాయి. మిలమిల మెరిసే స్ట్రోబ్ వాడితే ముందే ప్రకటించాలి, మూర్ఛ ఉన్నవాళ్లకి అది ప్రమాదం. మెట్ల అంచున, స్టేజీ ముందు అంచున చీకట్లో మెరిసే టేపు అంటించండి. వట్టి కాళ్లతో ఆడే డాన్సుకి ముందు ఒకరు స్టేజీ ఊడ్చి, పిన్నులూ మెరుపు పొడీ ఏరాలి. ఆ మెరుపు పొడి చూడ్డానికి అందమే, కాలి కింద మాత్రం జారుడు.

సినిమా వేస్తే

డిస్కు కొన్నాం, ఓటీటీకి డబ్బు కట్టాం అంటే హాల్లో వేసే హక్కు వచ్చినట్టు కాదు. హక్కుదారుల రాతపూర్వక అనుమతి వేరుగా తీసుకోవాలి. విద్యార్థులు తీసిన లఘుచిత్రాలైతే సులువు, కానీ వాటిలో వాడిన పాటలు ఎవరివో అడగండి.

ప్రొజెక్టర్ ఎంత దూరంలో పెట్టాలో దాని త్రో రేషియో (బొమ్మ వెడల్పుకి ఎన్ని రెట్ల దూరం కావాలన్న అంకె) చెబుతుంది. 1.5 అని ఉంటే, 3 మీటర్ల వెడల్పు బొమ్మకి 4.5 మీటర్ల దూరం. పక్క నుంచి వేసి, వంకరైన బొమ్మని కీస్టోన్ అనే సెట్టింగ్‌తో సరిచేస్తే బొమ్మ మెత్తబడుతుంది, కాబట్టి మధ్యలోనే పెట్టండి. 16:9 బొమ్మ 3 మీటర్ల వెడల్పుంటే వైశాల్యం 5 చదరపు మీటర్లు. 3000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ చీకటి హాల్లో దానికి ధారాళంగా సరిపోతుంది. అదే కిటికీ తెరలు సరిగ్గా మూసుకోని హాలైతే చీకటి పడేదాకా ఆగాల్సిందే. తెర కింది అంచు నేలకి కనీసం 1.2 మీటర్ల ఎత్తులో ఉండాలి, లేకపోతే ముందువాళ్ల తలలు సబ్‌టైటిల్స్‌ని మింగేస్తాయి. హెచ్‌డీఎంఐ తగిలించగానే ల్యాప్‌టాప్ శబ్దాన్ని ప్రొజెక్టర్ చిన్న స్పీకర్‌కి పంపేస్తుంది; సౌండ్ సెట్టింగ్‌లో అవుట్‌పుట్ మార్చాలి. లాంప్ ప్రొజెక్టర్‌ని వేడిమీద ఉండగా కరెంటు తీసేస్తే, చల్లారేదాకా మళ్లీ వెలగదు. ఫైలుని మొదటి నిమిషం చూసి సరే అనుకోకుండా, ఆ ప్రొజెక్టర్ మీదే మధ్యలోనూ చివరలోనూ కూడా తిప్పి చూడండి.

జనానికి చెప్పడం

పోస్టర్ మీద ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి అందరూ వేస్తారు. ఎన్నింటికి అయిపోతుంది, ఏ గేటు నుంచి రావాలి, బయటివాళ్లు రావచ్చా, పాసు కావాలా అన్నవి మర్చిపోతారు. చూసేవాడు రావాలా వద్దా అని తేల్చుకునేది వీటితోనే. 3 మీటర్ల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం 2.5 సెంటీమీటర్లు, 6 మీటర్లకి 5 సెంటీమీటర్లు ఉండాలి. తెలుగు అక్షరానికి వత్తులూ గుణింతాలూ కాక అసలు అక్షరమే అంత ఉండేలా చూడండి, వరసల మధ్య జాగా ఎక్కువ వదలండి. డిజైన్ ఫైలు అలాగే ప్రింటింగ్‌కి పంపితే, వాళ్ల దగ్గర ఆ యూనికోడ్ ఫాంటు లేక వత్తులు విడిపోయి అచ్చవుతాయి. అక్షరాల్ని అవుట్‌లైన్లుగా మార్చిన పీడీఎఫ్ పంపండి, ఒక్క ప్రతి అచ్చు తీయించి చదివాకే మిగతావి.

పోస్టర్లు పది రోజుల ముందు, క్లాసు రిప్రజెంటేటివ్‌ల ద్వారా గుర్తు చేయడం రెండు రోజుల ముందు, క్లాసుల్లో నోటిమాట అదే రోజు పొద్దున. వీటిలో ఎక్కువమందిని తెచ్చేది చివరిదే. ఉచిత పాసులు తీసుకున్నవాళ్లలో కొందరు రానే రారు. మొదలయ్యే సమయానికి 10 నిమిషాల ముందు దాకా వచ్చినవాళ్లకే సీటు, ఆ తర్వాత ఎవరికైనా అని పాసు మీదే రాయండి.

ఆ సాయంత్రం

ముందురోజు రిహార్సల్లో ఐటమ్‌లు మొత్తం ఆడించొద్దు. ఎక్కడం, మొదటి 20 సెకన్లు, చివరి 20 సెకన్లు, దిగడం, తర్వాతి వాళ్లు ఎక్కడం. అంతే. 12 ఐటమ్‌లు గంటన్నరలో అయిపోతాయి. మొత్తం ఆడిస్తే రాత్రవుతుంది, మార్పులు మాత్రం ఒక్కసారి కూడా సాధన కావు.

తలుపు దగ్గర ఒక్కో పాసు చూడ్డానికి 6 సెకన్లు పడితే నిమిషానికి 10 మంది. 300 మందికి రెండు వరసలైతే 15 నిమిషాలు. కాబట్టి అరగంట ముందే తలుపులు తీయాలి. దొంగచాటుగా దూరతారని వెనక తలుపులకి తాళాలు వేయడం నేరం లాంటిది. మనిషిని నిలబెట్టండి, తాళం వద్దు. నడవాల్లో అదనపు కుర్చీలు వేయనివ్వొద్దు. వీల్‌చైర్‌కి వరస చివర జాగా ముందే వదలండి. ప్రథమ చికిత్స పెట్టె, నిప్పార్పే సిలిండర్ ఎక్కడున్నాయో వాలంటీర్లందరికీ చూపించాలి.

ప్రసంగాలు మొదట్లోనే, మొత్తం 10 నిమిషాల్లో. మధ్యలో జ్ఞాపికలు ఇవ్వడం పెట్టుకుంటే ఊపు మీదున్న హాలు చల్లారిపోతుంది. యాంకర్ మాట మామూలుగా 30 సెకన్లు. కానీ వింగు నుంచి రెండు వేళ్లు చూపిస్తే ఇంకో రెండు నిమిషాలు నింపేందుకు మూడు ముక్కలు సిద్ధంగా ఉండాలి. మైకు పోతే, ట్రాక్ తప్పు పడితే వింగు వైపు చూసి నవ్వకుండా ఆపి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది, జనం పట్టించుకోరు. ట్రాక్ ఆగిపోతే డాన్సు ఆపనక్కర్లేదని బృందాలకి ముందే చెప్పి ఉంచండి. చప్పట్లే తాళం అందుకుంటాయి.

వీడియో తీస్తే శబ్దం కెమెరా మైకు నుంచి కాకుండా మిక్సర్ నుంచి విడిగా రికార్డు చేయండి. దాన్ని బయట పెట్టడానికి కళాకారుల అనుమతి కూడా ఎంపిక రోజు నింపిన కాగితంలోనే తీసుకోవచ్చు.

అయిపోయాక అందరూ ఫోటోలకి పోతారు, సామాను నలుగురి మీద పడుతుంది. ముందే పేర్లు రాసి పెట్టుకోండి. మైకులు ముందు లెక్కపెట్టి పెట్టెలో పెట్టాలి, పోయేవి అవే. వైర్‌లెస్ మైకుల్లోంచి బ్యాటరీలు తీయాలి, లోపలే వదిలేస్తే కారి పాడు చేస్తాయి. వైర్లని మోచేతికి చుట్టొద్దు, లోపలి తీగలు మెలిపడి తెగుతాయి. ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు తిరగేసి వేయాలి. నేల మీద టేపులు ఆ రాత్రే పీకాలి, వారం ఆగితే జిగురు వదలదు. అద్దెకి తెచ్చిన వస్తువుల జాబితా మీద ఇచ్చినవాళ్ల సంతకం తీసుకుని, స్టేజీ మేనేజర్ షీటులోని ఆఖరి గడిలో రాసిన అసలు సమయాల్ని కంప్యూటర్లో ఎక్కించండి. మీ హాల్లో, మీ మనుషులతో డ్రమ్స్ మార్చడానికి నిజంగా ఎంత పడుతుందో ఆ అంకెలు చెబుతాయి. వచ్చే కార్యక్రమం నిమిషాల లెక్క, పైన ఇచ్చిన సగటులతో కాకుండా, వాటితోనే వేసుకోండి.